టోరన్ కాదన్న టీ

మా ఆయన ఫేహీన్ ముప్పై ఏళ్లు కౌంటీ రోడ్లలో గుంతలు పూడ్చాడు. వాన పడితే అవి మళ్లీ తేలేవి. మా ఊరు కార్నాలో వాన పడని వారం లేదు. సాయంత్రం తారు వాసనతో వచ్చి, వంటింటి బల్ల మీద నేను కలుపుతున్న పిండి పక్కకు తోసి బొమ్మలు వేసుకునేవాడు. రొట్టెకు కూడా సిరా మరకలే. చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

ఆయన వేసేది టోరన్ కథ. గాల్వేలో మూడు నెలలకొకసారి వచ్చే బొమ్మల పత్రికలో పడేది. టోరన్ తల్లి మట్టిదిబ్బల కింద ఉండే జనంలోది. మా పాత కథల్లో దేవతలంటే వాళ్లే. అందుకే వాడికి అన్ని శక్తులు. ఒక్క దూకులో సముద్రపు పాయ దాటేస్తాడు. ఈటె విసిరితే పని చూసుకుని చేతిలోకి తిరిగొస్తుంది. అరిస్తే బండలు పగులుతాయి. అయితే శక్తి ఉన్నవాడికి ఒక గెష్ కూడా ఉంటుంది, అంటే పుట్టుకతో మెడకు పడ్డ ఒట్టు. అది తప్పితే అంతా పోయినట్టే. ఏ పొయ్యి దగ్గర ఏది పెట్టినా కాదనకూడదని టోరన్ గెష్.

పోయిన అక్టోబరులో ఫేహీన్‌కు ఊపిరితిత్తుల్లో రాచపుండు అని తేలింది. ఆ వారమే క్లిఫ్డెన్ నుంచి ఎవరో రిటైరైన పంతులుగారి ఉత్తరం. ఆరో కథలో ఒక ముసలావిడ టీ ఇస్తానంటే టోరన్ ‘వద్దులే, ఇప్పుడే తాగొచ్చా’ అన్నాడట. గెష్ తప్పినవాడు ఆ తర్వాత ఐదు కథల్లో ఎలా దూకుతున్నాడని ఆయన ప్రశ్న.

తీసి చూస్తే నిజమే. రాస్తూ రాస్తూ అలవాటు కొద్దీ రాసేశాడు. మాలో ఎవరైనా అడగ్గానే టీకి సరే అంటారా? వద్దంటాం. రెండోసారీ వద్దంటాం. మూడోసారి అడిగితే కుర్చీ లాక్కుంటాం. దేవతల బిడ్డకు కూడా మా మొహమాటమే పెట్టాడు ఈయన.

ఇక అదే బెంగ. డాక్టరు చెప్పేది వినడు, మందు మింగడు, టోరన్ శక్తి పోయినట్టేనా అని ఒకటే గొణుగుడు. నాకు ఒళ్లు మండిపోయేది. ఎన్నాళ్లుంటాడో తెలియని మనిషి, పుట్టని మనిషి తాగని టీ గురించి ఏడవడమేమిటి?

“కథంతా అబద్ధమైపోయింది బార్బ్రా,” అన్నాడు ఒక మధ్యాహ్నం. “ఇలా వదిలేసి పోతే వాడు ఉత్త గంతులేసేవాడిగా మిగిలిపోతాడు.”

“బుర్ర ఉందా నీకు? ఆవిడ ఎన్నిసార్లు అడిగింది?”

“ఒక్కసారే.”

“మొదటిసారి వద్దంటే అది కాదనడమా? ఇంటికొచ్చినవాణ్ణి ఒక్కసారి అడిగి ఊరుకుంది నీ సిగ్గులేని ముసల్ది. ఆ అడగడమే ఇంకా పూర్తి కాలేదయ్యా.”

 దిండు ఎత్తు పెట్టి కాగితాలు, సిరా అందించమన్నాడు.

పన్నెండో కథకు మూడు వారాలు పట్టింది. గీతలు వణికాయి. టోరన్ ఆ ఇంటికి తిరిగొస్తాడు. ఆవిడ రెండోసారి అడుగుతుంది, వద్దంటాడు. మూడోసారి అడుగుతుంది. కూర్చుంటాడు. అదంతా మూడు గళ్లలో వేశాడు. వేసిన తొమ్మిదో రోజున పోయాడు.

మట్టి చేసిన పది రోజులకు పత్రిక నడిపే డర్వ్లా ఫోన్ చేసింది. మంచి పిల్లే, కానీ ఇంగ్లండులో పెరిగింది. పేజీలో జాగా చాలడం లేదట, మూడు గళ్లనూ ఒకటి చేస్తానంది. ఆవిడ అడుగుతుంది, వాడు కూర్చుంటాడు, తేడా ఏముందంది. చదువుకున్నవాళ్లతో ఫోన్‌లో మాట్లాడాలంటే నాకు నాలుక తిరగదు. అయినా అన్నాను, “వీల్లేదమ్మా. ఆ రెండో వద్దు తీసేస్తే మా ఆయన మూడేళ్ల కథ పోతుంది.”

ఆ పిల్లకు ఎక్కలేదు. ఆరో కథ తెరిపించి, టీ ఎలా అడగాలో, ఎలా వద్దనాలో నాలుగుసార్లు చెప్పాను. పసిపిల్లలకు తెలిసిన సంగతి. చివరికి కార్ల ప్రకటన ఒకటి తీసేసి వేస్తానంది.

వేసింది. మూడు గళ్లూ ఉన్నాయి. పంతులుగారి నుంచి మళ్లీ ఉత్తరం లేదు. కానీ కింద ఫేహీన్ పేరు ఫీనన్ అని అచ్చయింది. మా ఊరి కొట్టుకు తొమ్మిది కాపీలు వచ్చాయి. అక్కడే నిలబడి తొమ్మిదింట్లోనూ పెన్నుతో దిద్దాను.