సింహాద్రి నేస్తం

కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్ళు సింగపూర్‌కు తెగ వస్తున్న రోజులవి. బెడోక్ పేటలో, తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్లో తెలుగు మాట వినబడితే చాలు, ఒక ముసలాయన టీ సగంలో వదిలేసి వచ్చేవాడు. కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. "మీదే ఊరు బాబూ? సోంపేట వైపోలు ఎవులైనా ఉన్నారేటి?" అని అడిగి, లేరనగానే పక్క బల్ల దగ్గరికి పోయేవాడు.

ఒకసారి ఆపి, "ఎవరికోసం తాతగారూ?" అని అడిగాను.

"సింహాద్రని నా నేస్తం. పిల్లలప్పుడు నాయినలతోటి మలయా రబ్బరు తోటకొచ్చినాం. యుద్ధంలో జపానోలు మమ్మల్ని సయాం దేశం అడవుల్లో రైలు పట్టాలెయ్యడానికి అట్టుకుపోనారు. ఆడు కలరాతో అక్కడే పోనాడు. ఆడి సెల్లి ఊర్లోనే ఉండిపోనాది. దానికి ఎవులూ సెప్పుండరు బాబూ," అన్నాడు. చెబుతూనే కొత్తగా వచ్చిన గుంపు వైపు చూస్తున్నాడు.

మా ఆఫీసులో చేరిన సోంపేట అమ్మాయి వాళ్ళ ఊళ్ళో వాకబు చేయిస్తే ఆ చెల్లెలు దొరికింది. నా సెల్‌ఫోన్ ఆయనకిచ్చాను. బల్లల మధ్య పచార్లు చేస్తూ, గడగడా చావు కబురు చెప్పేశాడు. అవతల చాలాసేపు ఏడుపు. తర్వాత ఆవిడ అడిగింది నాకూ వినబడింది.

"మా అన్న పొడుగెదిగినాడా?"

ఆయన టక్కున ఆగిపోయాడు. ఫోనులో కనబడదని మరిచి, చేయి తన తల కన్నా పైకెత్తి చూపిస్తూ, "ఇంత, అమ్మా," అన్నాడు.