పురుగుల ఇంట్లో వేస్టాయిలు

మా ఇంటాయన హోసూరులో లారీలకు ఆయిలు మార్చే షెడ్డులో పని చేస్తాడు. ఇంజన్లలోంచి దించిన నల్లటి వేస్టాయిల్ని ఓనరు పనివాళ్ళకు ఊరికే ఇచ్చేస్తాడు. ఊరికే అంటే చాలు, ఈయనకు ప్రాణం లేచివస్తుంది. కెలమంగలం పక్కన మా ఊళ్ళో బస్సు దిగేటప్పుడు చేతిలో క్యాను లేని రోజుండదు. చెదలు పట్టకుండా వాసాలకు అదే పూస్తాడు, కిర్రుమనే తలుపులకు అదే, నీళ్ళు కాచే పొయ్యిలోకి ఆ నూనెలో ముంచిన గుడ్డలే. నీళ్ళు తొందరగా కాగుతాయి, నిజమే. గోడకు పట్టిన మసి కడిగేది మాత్రం నేను.

నేను పట్టుపురుగులు పెంచే ఇంటికి మాత్రం ఆ వాసన తగలనిచ్చేదాన్ని కాదు. పురుగులకు బీడీ వాసనే పడదు, ఇక ఆయిలు పడుతుందా? ఎంత తోమినా ఆయన గోళ్ళ సందుల్లో నలుపు పోదు. "గడప దాటితే కాళ్ళు విరుగుతాయి, చూడు" అనేదాన్ని. ఆయన నవ్వి బయటే గొంతుక్కూర్చుని, ఎంత లావైనాయి, బాగా తింటా ఉండాయా అని అడిగేవాడు.

ఆ షెడ్డు పని ఆయన్ని తినేస్తోంది. మోచేతుల దాకా చర్మం పగిలిపోయింది, గీరుకుంటే రక్తం. చూడలేక నేనే అన్నాను, "ఈ పంట చేతికొస్తే ఆ పని మానేయి. ఇద్దరమూ ఈడనే చూసుకుందాము." ఆ రోజు నుంచి పురుగుల మీద నాకంటే ఆయనకే బెంగ ఎక్కువైంది.

పురుగులు పెద్దవై, ఇంకో వారంలో గూడు కడతాయనగా ముసురు పట్టింది. పాడు చలి. కట్టెలన్నీ తడిసిపోయాయి, పురుగుల ఇంటిని వెచ్చగా ఉంచే కుంపట్లోకి బొగ్గులు అయిపోయాయి. చలికి పురుగు తినడం మానేస్తుంది. మధ్యాహ్నం బొగ్గుల కోసం కెలమంగలం వెళ్ళాను. తిరిగి రావడానికి బస్సు ఎంతకీ రాలేదు.

ఈలోగా ఈయన పని నుంచి వచ్చాడు. పురుగుల ఇల్లు చల్లబడిందని చూశాడు. సబ్బు పెట్టి స్నానం చేశాడు, ఉతికిన లుంగీ కట్టుకున్నాడు. ఆ తర్వాత, అయ్యో నా తల్లీ, రేకు డబ్బాలో ఇసుక నింపి, దాని మీద వేస్టాయిలు పోసి, వెలిగించి లోపల పెట్టాడు. వేడి బయటికి పోకుండా కిటికీలకు గోనెపట్టాలు కూడా కట్టాడు.

నేను వచ్చేసరికి లోపలంతా నల్లటి పొగ.

"ఏమి చేసినావయ్యా!" అని అరిచాను.

"చలికి ముడుచుకోని ఉన్నాయి మే," అంటూ రెండు చేతులూ నా ముందుకు చాచాడు. "నా చేతులు వాసన రావడంలే, కావాలంటే చూడు."

డబ్బా బయటికి ఈడ్చాను, గోనెలు పీకాను, తాజా ఆకు వేశాను. పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి గానీ ఒక్కటీ ఆకు ముట్టలేదు. వాటి నోళ్ళలోంచి పచ్చటి నీళ్ళు కారాయి. తెల్లారేసరికి తట్టల్లో మెత్తగా పడి ఉన్నాయి. తోటలో గుంట తీసి ఇద్దరమే పూడ్చాం. నా నోరు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు, ఆ పొద్దు మాత్రం ఆయన ముఖం చూసి ఒక్క తిట్టూ రాలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదేమో, నా వైపు చూడనైనా చూసేవాడు.

పార కడిగి గోడకు ఆనించి, ఆయన షెడ్డు చొక్కా తొడుక్కున్నాడు.

"ఈ పొద్దన్నా పోవద్దప్పా. కాసేపు కూర్చో," అన్నాను.

ఆయన తల ఎత్తకుండానే గుండీలు పెట్టుకుంటూ అన్నాడు, "నేను పోకపోతే మళ్ళా పురుగు గుడ్లు ఏం పెట్టి కొనేది మే?"