టీవీలో కనిపించని వంద కిలోమీటర్లు

మా అమ్మాయికి ఫ్లాండర్స్ రేసులో చోటు దొరికిందన్న కబురు నాకు హాస్పిటల్ పార్కింగ్‌లో, కారు తాళం వేస్తుండగా అందింది. రేసుకి ఇంకా పది రోజులుంది. ఏటా వసంతంలో బెల్జియంలో రాళ్ళు పరిచిన ఇరుకు దారుల మీద, నిట్టనిలువు గుట్టలెక్కిస్తూ జరిపే సైకిల్ పందెం అది. ఆ ఆదివారం అక్కడ ఊళ్ళకి ఊళ్ళు రోడ్డు పక్కకొచ్చి నిలబడతాయట. పొద్దున మగవాళ్ళ పందెం మొదలవుతుంది, మధ్యాహ్నం ఆడవాళ్ళది. పందొమ్మిదేళ్ళ మా అమ్మాయి ఆ సీజన్‌కి ఓ చిన్న టీములో అదనపు రైడర్‌గా వెళ్ళింది. టీములో ఎవరికైనా ఏదైనా అయితే తప్ప దిగే అవకాశం లేదని ముందే చెప్పారు. ముందు రోజు జరిగిన మరో రేసులో ఒకమ్మాయి పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకుంది. ఆమె చోటులోకి మా అమ్మాయి వచ్చింది.

"అమ్మా, ఐ యామ్ ఇన్," అని మెసేజ్. అంతకంటే ఏమీ లేదు.

నేను ఫిజికల్ థెరపిస్ట్‌ని. విరిగిన ఎముకలు అతుక్కున్న తర్వాత మనుషులకి మళ్ళీ చెయ్యి లేపడం, మెట్లెక్కడం నేర్పడం నా పని. అందుకే కాబోలు, ఆ మెసేజ్ చూడగానే నాకు ముందు ఆ పడ్డ అమ్మాయే తలపుకొచ్చింది. ప్లేటు వేసుంటారా, ఎన్ని వారాలు పడుతుంది, వాళ్ళమ్మ ఏ దేశంలో ఉందో. సంతోషించాలన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది. కారులోనే కూర్చుని మా ఆయనకి ఫోన్ చేశాను. ఆయన ఆఫీసు మీటింగ్‌లోంచి బయటికొచ్చి, "నిజమా, నిజమా," అని రెండుసార్లు అడిగారు.

కోవిడ్ భయానికి అందరూ ఇళ్ళలో తలుపులేసుకుని కూర్చున్న ఆ వేసవిలో మా అమ్మాయికి సైకిల్ పిచ్చి పట్టుకుంది. మా ఆయన వ్యాయామం కోసం కొని గరాజ్‌లో గోడకి తగిలించిన సైకిల్ దించి, సీటు కిందికి జరుపుకుని, మా నేపర్‌విల్ దగ్గర పాత రైలు మార్గం మీద వేసిన కంకర బాటలో పొద్దంతా తిరిగేది. తర్వాత శనివారాలు ఓ పెద్దాయన నడిపే గుంపుతో వెళ్ళడం మొదలుపెట్టింది. ఆయన పోస్ట్‌మ్యాన్‌గా రిటైరైన మనిషి. తను ఆయన్ని కోచ్ అనేది, మేమూ అదే అన్నాం. పదిహేనో ఏట మొదటి రేసులో, ఓ షాపింగ్ సెంటర్ చుట్టూ తిరిగే పందెంలో, నా కళ్ళ ముందే పడి మణికట్టు చిట్లగొట్టుకుంది. ఇక చాలు, మానెయ్యమన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజు అన్నం తింటూ, "నువ్వు మాన్పిస్తే మానేస్తాను, కానీ నువ్వే మాన్పించావని గుర్తుంటుంది," అంది. కట్టు విప్పిన నెలకి నేనే విస్కాన్సిన్ దాకా డ్రైవ్ చేసి తనని ఇంకో రేసుకి తీసుకెళ్ళాను. ఈ ఏడాది కాలేజీకి ఏడాది ఆగి వస్తానని చెప్పి బెల్జియం వెళ్ళినప్పుడు, తెలిసిన వాళ్ళందరూ ఒకటే ప్రశ్న వేశారు, మళ్ళీ సీటు ఇస్తారా అని. ఇస్తారు. నా బెంగ అది కాదు.

ఆ పది రోజుల్లో మా ఇంట్లో రెండు రకాల జోస్యాలు నడిచాయి.

మా ఆయనది ఎవరు గెలుస్తారన్న జోస్యం. ఆయన ఉద్యోగమే డేటాతో. గత రేసుల ఫలితాలన్నీ ముందేసుకుని, వాన పడితే ఒకరు, పొడిగా ఉంటే ఇంకొకరు, ఎదురుగాలి వీస్తే మరొకరు అని లెక్కలు కట్టారు. రాత్రి భోజనాల దగ్గర నాకు తెలియని పేర్లు వల్లించేవారు. ఇంటర్నెట్‌లో నిపుణులు రాసే అంచనాలు చదివి వాళ్ళతో తనలో తనే వాదించుకునేవారు. ఆ అంచనాల్లో దేంట్లోనూ మా అమ్మాయి పేరు లేదు. ఉండదని ఇద్దరికీ తెలుసు, అయినా ప్రతి పేజీనీ చివరిదాకా చదివేవాళ్ళం.

నాది ఎక్కడ పడతారన్న జోస్యం. మోటార్‌సైకిల్ మీద కెమెరా పెట్టి తీసిన వీడియోలు చూసి ఆ దారంతా బట్టీ పట్టాను. ఏ గుట్ట దిగాక ఎడమకి తిరుగుతుందో, ఏ మలుపులో పొలంలోంచి బురద రోడ్డు మీదికి వస్తుందో, మురుగు కాలవ రాయి ఎక్కడ పైకి లేచి ఉందో, అన్నీ. భయపడాల్సిన చోట్లు పదకొండని తేల్చుకున్నాను. వాటిలో అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది కొప్పెన్‌బర్గ్ అనే గుట్ట. రెండు పక్కలా గట్లు, మధ్యలో గుండ్రటి రాళ్ళు, తడిస్తే పెద్ద పెద్ద రైడర్లే దిగి సైకిల్ తోసుకుంటూ నడుస్తారు.

పని మధ్యలో ఫోన్ తీసి అక్కడి వాతావరణం చూసేదాన్ని. ఆదివారం వాన పడే అవకాశం పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా ఉండేది. మారినప్పుడల్లా స్క్రీన్‌షాట్ తీసి మా అమ్మాయికి పంపేదాన్ని. లోపల వెచ్చటి బనీను వేసుకో, చేతి తొడుగులు రెండు జతలు పెట్టుకో, టైర్లలో గాలి తగ్గించమని అడుగు. మొదట్లో బొటనవేలు గుర్తు పెట్టి జవాబిచ్చేది. తర్వాత అదీ మానేసింది.

శుక్రవారం పొద్దున తనే వీడియో కాల్ చేసింది. ఆ రోజు టీముతో కలిసి దారి చూసి వచ్చారట. తల తుడుచుకుంటూ మాట్లాడింది. కాసేపు రోడ్డు గురించి, వాళ్ళకి పెట్టిన పాస్తా గురించి చెప్పి, ఉన్నట్టుండి ఆగింది.

"అమ్మా, నువ్వు వెదర్ పంపడం స్టాప్ చెయ్యి, ప్లీజ్."

"సరే, పంపను. నాన్న ఎవరు గెలుస్తారో తేల్చేశారు, చెప్పమంటావా?"

"వద్దు. అమ్మా, నేను టీవీలో ఉండను, ఓకే? నా జాబ్ ఫస్ట్ హండ్రెడ్ కిలోమీటర్స్. మా లీడర్‌కి వాటర్ తేవాలి, విండ్ తగలకుండా ముందు ఉండాలి, కొప్పెన్‌బర్గ్ ముందు ఆమెని ఫ్రంట్‌కి తీసుకెళ్ళాలి. దట్స్ ఇట్. ఆ తర్వాత నాకు ఏమైనా ఓకే."

"ఏమైనా ఓకే అంటే?"

"వెనకపడినా ఓకే, ఆగిపోయినా ఓకే. ఫినిష్ చెయ్యక్కర్లేదు."

అప్పుడు అడగకుండా ఉండాల్సిన మాట అడిగాను. "భయమేస్తోందా నీకు?"

తువ్వాలు పక్కన పెట్టి నా వైపు సూటిగా చూసింది. "నువ్వు అడిగితే వేస్తుంది," అంది.

ఆ మాట మెత్తగానే అంది. ఫోన్ పెట్టేశాక అక్కడే, వంటింటి బల్ల దగ్గరే కూర్చుండిపోయాను. రోజూ పేషెంట్లు నన్ను జోస్యం అడుగుతారు. మళ్ళీ ఎప్పుడు పరిగెత్తగలను, మనవణ్ణి ఎప్పుడు ఎత్తుకోగలను అని. నేను కచ్చితంగా తెలిసినట్టే చెప్తాను, ఆరు వారాలు, పన్నెండు వారాలు అని. వాళ్ళు ధైర్యంగా ఉండాలని చెప్పే మాటలవి. మరి నా కూతురికి వారం రోజులుగా నేను పంపుతున్నది ఏమిటి? నా భయాన్ని డిగ్రీల్లో, మిల్లీమీటర్లలో కొలిచి, మూట కట్టి పంపుతున్నాను. ఆ మూట మోస్తూ తను సైకిల్ తొక్కాలి. శనివారమంతా ఒక్క మెసేజ్ కూడా పంపలేదు. బట్టలుతికాను, ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి కడిగాను, మధ్యలో మూడుసార్లు వాతావరణం చూశాను. చూసి, నాలోనే పెట్టుకున్నాను.

ఆదివారం మాకు తెల్లవారేసరికి అక్కడ మధ్యాహ్నమైంది, వాన కురుస్తోంది. ఆరు దాటాక ఆడవాళ్ళ రేసు మొదలైంది. కానీ టీవీలో వచ్చేది మగవాళ్ళ రేసు. ఆడవాళ్ళ సంగతి తెలియాలంటే ఇంటర్నెట్‌లో ఓ పేజీలో నాలుగైదు నిమిషాలకో వాక్యం పడుతుంది, అంతే. మా ఆయన లాప్‌టాప్‌లో ఆ పేజీ తెరిచి పెట్టుకున్నారు. ఏడింటికి కోచ్ వచ్చారు, ఫ్లాస్కులో తన కాఫీ తనే తెచ్చుకుని. మా సోఫా చివర్న కూర్చుని, బూట్లు విప్పి వరసగా పెట్టి, ఇంగ్లీషులో నెమ్మదిగా ఓ సంగతి చెప్పారు. అమ్మాయి కోసం వెతకొద్దట. వాళ్ళ లీడర్ కోసం చూడమన్నారు. గుట్ట మొదట్లో లీడర్ ముందు వరసలో ఉంటే మన పిల్ల తన పని చేసినట్టే, అన్నారు.

ఎనిమిదింటికి కాస్త ముందు ఆ పేజీలో ఓ వాక్యం పడింది. గుంపు మధ్యలో ఒకరి మీద ఒకరు పడ్డారు, చాలామంది కింద ఉన్నారు. పేర్లు లేవు.

నేను లేచి నిలబడ్డాను. అది ఏ చోటని అడిగాను. మా ఆయన మ్యాప్ తెరిచి చూశారు. ఏ గుట్టా లేదు, మలుపూ లేదు. రెండు ఊళ్ళ మధ్య వెడల్పాటి తిన్నని తారు రోడ్డు. నా పదకొండు చోట్లలో అది లేదు.

"నూట నలభై మందికి పైగా ఉన్నారు. అందులో పడింది ఓ ఇరవై మంది అనుకున్నా, లెక్క ప్రకారం..." అని మొదలుపెట్టారు ఆయన.

"లెక్కలు చెప్పకండి," అన్నాను.

ఆయన ఆపేశారు. పేజీని మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నారు. తర్వాతి వాక్యం ముందున్న వాళ్ళ గురించి. ఆ తర్వాతిదీ అంతే. పడ్డవాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. గంటన్నర అలా గడిచింది. కోచ్ ఏదో చెప్పబోయి, నా మొహం చూసి, కాఫీ ఒంపుకున్నారు. నేను వంటింట్లోకీ హాల్లోకీ తిరిగాను. ఫోన్ చేతిలోనే ఉంది, బెల్జియం నంబరు నుంచి కాల్ వస్తే ఏం వినాల్సి వస్తుందో ఒక్కొక్కటీ ఊహించుకుంటూ. నాకు ఎముకల పేర్లన్నీ తెలియడం ఆ పూట శాపంలా తోచింది.

తొమ్మిదిన్నర దాటాక మగవాళ్ళ రేసు ముగిసింది. టీవీ అప్పటికప్పుడు ఆడవాళ్ళ రేసులోకి మారింది. కొప్పెన్‌బర్గ్ రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. కెమెరా గుంపు ముందు భాగం చూపించింది. బురదలో రంగులు సరిగ్గా తెలియడం లేదు. కోచ్ ముందుకి వంగి వేలు పెట్టి చూపించారు. నాలుగో స్థానంలో వాళ్ళ టీము నారింజ రంగు జెర్సీ, అది లీడర్. ఆమెకి సరిగ్గా ముందు ఇంకో నారింజ జెర్సీ, తల దించుకుని, భుజాలు ఊపేస్తూ తొక్కుతోంది. కుడివైపుకి జరిగి దారి ఇచ్చేసింది. అంతలోనే కెమెరా ముందుకి వెళ్ళిపోయింది. మూడు సెకన్లు కూడా లేదు.

"మన అమ్మాయేనా?" అన్నారు మా ఆయన.

చెప్పలేకపోయాను. కూర్చుని వంగి ఉన్న మనిషిని నేనేం గుర్తుపట్టగలను? ముందున్న వాళ్ళు గుట్టెక్కేశారు. లీడర్ వాళ్ళతోనే ఉంది. అప్పుడు కెమెరా ఒకసారి వెనక్కి చూపించింది. రాళ్ళ మీద చక్రాలు జారి ఒకరు ఆగితే వెనక అందరూ ఆగారు. పాతిక ముప్ఫై మంది సైకిళ్ళు తోసుకుంటూ, బూట్లు జారుతూ నడుస్తున్నారు. అందరి మొహాలూ ఒకే మట్టి రంగు. వాళ్ళలో ఒక నారింజ జెర్సీ అమ్మాయి గట్టు పట్టుకుని పైకి వస్తోంది.

"తనే," అన్నాను. "కుడి మోకాలు వంచడం లేదు."

మొదటి అడుగు వేసిన రోజు నుంచి చూస్తున్న నడక అది. బురద కప్పినా, బూట్లు జారినా నాకు తెలుస్తుంది. కాలు తిన్నగా పెట్టి, తుంటితో లాక్కుంటూ ఎక్కుతోంది. కానీ బరువు మోపుతోంది. మోపి, నిలుస్తోంది. ఎముక విరిగుంటే అలా నిలవడం కుదరదు. అది గట్టిగా పైకే అన్నాను, ఇద్దరికీ వినిపించేలా. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. 

గుట్ట దాటిన కాసేపటికి లాప్‌టాప్‌లో తన నంబరు పక్కన రేసు పూర్తిచెయ్యలేదని పడింది. లీడర్ పదకొండో స్థానంలో వచ్చింది. మా ఆయన గెలుస్తుందన్న అమ్మాయే గెలిచింది. ఆ సంగతి ఆయన సాయంత్రం దాకా గమనించలేదు.

పదకొండున్నరకి వీడియో కాల్ వచ్చింది. టీము కారు వెనక సీట్లో, దుప్పటి కప్పుకుని, కడిగీ కడగని మొహంతో ఉంది. పళ్ళు కటకటలాడుతున్నాయి.

"పడ్డాను అమ్మా. పెద్ద రోడ్డు మీదే, స్ట్రెయిట్ రోడ్. ఇరవై కిలోమీటర్స్ చేజ్ చేసి మళ్ళీ గుంపులోకి వచ్చాను. తర్వాత ఆమెని ఫ్రంట్‌కి తీసుకెళ్ళాను. చూశావా?"

"చూశాను."

"నిజంగా చూశావా?"

"మూడు సెకన్లు చూశాను. తర్వాత నువ్వు నడవడం చూశాను."

నవ్వింది. మోకాలికి నాలుగు కుట్లు పడ్డాయట. కెమెరా కిందికి పెట్టి మోకాలు చూపించమన్నాను. ఎంత వంగుతుందో చూశాను, చిప్ప పక్కన నొక్కి ఎక్కడ నొప్పో చెప్పమన్నాను. విసుక్కోకుండా అన్నీ చేసింది. బాగానే ఉందని చెప్పాను, నిజంగానే బాగుంది. కోచ్ ఒంగి, ఆ నారింజ జెర్సీ అమ్మాయిదేనని తనకి ముందే తెలుసన్నారు. మా ఆయన చెయ్యి ఊపారు. బుధవారం ఇంకో రేసు ఉందనీ, కుట్లు చూసి డాక్టర్ ఒప్పుకుంటే దిగుతాననీ చెప్పింది. నేను సరేనన్నాను. ఏ రోడ్డు, ఎంత దూరం, వాన ఉందా, ఏదీ అడగలేదు. అడగకపోవడం కష్టంగానే ఉంది.

లీడర్ తనని పట్టుకుని ఏమందో చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయింది. కళ్ళు మూతలు పడ్డాయి. ఫోన్ ఒళ్ళోకి జారింది. తెర మీద కారు పైకప్పు మాత్రం కనిపిస్తోంది, బూడిద రంగు గుడ్డ, దాని మీద చెట్ల నీడలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. డ్రైవరెవరో రేడియో తగ్గించారు. మా ఆయన కోచ్‌ని తలుపు దాకా సాగనంపి తిరిగొచ్చి, ఇంకా ఏం చూస్తున్నావని అడిగారు. నిద్రపోతోందని చెప్పి, మా వైపు మైకు ఆపేసి, ఆ కాల్ దానంతట అది తెగిపోయేదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాను.