కారు వేసిన గుటక

మా చిన్నప్పుడు... పొద్దున్నే తాత చేసే మొదటి పని కారు మీది బూడిద తుడవడం. పాత చిన్న కారు అది... స్టీరింగ్ పక్కనే గేరు కర్ర, ముందు రెండు గుండ్రటి దీపాలు. తెల్లారేసరికి బానెట్ మీద సన్నటి పొర పరుచుకునేది. అది పవర్ ప్లాంటు బూడిదో, ఉత్త రోడ్డు దుమ్మో ఎవరికీ తెలియదు. కానీ మా రాయచూరులో ఫ్యాను ఆగినా, మిక్సీ ఆగినా, గోడ గడియారం ఆగినా అందరిదీ ఒకటే మాట... బూడిద పట్టింది.

నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు ఆ కారుకి ఒక జబ్బు చేసింది. నిలబడి ఉన్నంతసేపూ ఇంజను బాగానే ఆడేది. యాక్సిలేటర్ తొక్కగానే మాత్రం ఒక్క క్షణం ఊపిరి బిగబట్టినట్టు ఆగి, ఆ తర్వాతే ముందుకు దూకేది. దాన్ని ఫ్లాట్ స్పాట్ అంటారని ఈమధ్యే చదివాను. తాత అప్పట్లోనే దానికి ఒక పేరు పెట్టాడు... గుటక.

"తొక్కంగనే గుటక మింగుతది ఖాదర్. ఆనక వోతది. చోక్ సగం గుంజితే మల్ల మంచిగనే వోతది. అంటే పెట్రోలు సాలుతలేదు."

మా మెకానిక్ ఖాదర్ చాచా గాలి ఫిల్టరు తీసి, అరుగుకేసి తట్టి, మళ్ళీ బిగించేవాడు. "బూడిద కూసుంది సేట్. దులిపిన. ఇగ హవాయే హవా."

అలా మూడుసార్లు దులిపాడు. మూడోసారి తాత నవ్వాడు. "నా తలకాయ దులిపినా గింతే బూడిద వస్తది గదరా."

ఆ వారమే తాతా నేనూ మల్లట్ అనే ఊళ్ళో ఆయన దోస్తును పలకరించి తిరిగి వస్తున్నాం. పెద్ద రోడ్డు ఎక్కే మలుపు దగ్గర తాత రెండు వైపులా చూశాడు. ఒక ట్యాంకర్ లారీ వస్తోంది గానీ, దూరంగానే ఉంది. కారు రోడ్డు మధ్యకు వెళ్ళి... గుటక వేసింది. ట్యాంకర్ పెద్దదవుతూ వచ్చింది. హారన్ తప్ప ఇంకేమీ వినబడలేదు. అది మమ్మల్ని తప్పించుకుని మట్టిలోకి దిగాక, మా కారు నింపాదిగా కదిలింది.

ఇంటికి వచ్చాక, జరిగింది విని నాన్న నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"నిజం చెప్పమ్మా. తాత తొక్కుడు లేటయ్యిందా?"

"అవును నాన్నా. లేటుగ తొక్కిండు."

నేను తాత కాలు చూడలేదు. చూసింది ట్యాంకర్‌ని. కారు ఆలస్యంగా కదిలింది కాబట్టి తాతే ఆలస్యంగా తొక్కి ఉంటాడనుకున్నాను... అంతే.

నాన్న వెళ్ళి తాత ముందు చెయ్యి చాపాడు. "నాయినా, ఇగ సాలు. పిల్ల గూడ సూసిందంట."

తాత నావైపు చూశాడు. కోపంగా కాదు... ఏదో సరిచూసుకుంటున్నట్టు. తర్వాత తన కుడికాలి వైపు చూసుకుని, తాళంచెవి ఇచ్చేశాడు.

ఆ నెలంతా కారు కదల్లేదు. తాత మాత్రం రోజూ వెళ్ళి, తలుపు తెరిచి, సీట్లో కూర్చుని, ఇంజను వెయ్యకుండా ఉత్తినే యాక్సిలేటర్ తొక్కేవాడు. తొక్కడం... ఆగడం... మళ్ళీ తొక్కడం. కాలికి పరీక్ష పెడుతున్నాడని నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఒకరోజు బడికి వెళ్తుంటే పిలిచాడు. బానెట్ ఎత్తి, ఫిల్టరు డబ్బా విప్పి పక్కన పెట్టి ఉంది. కార్బురేటర్ నోరు తెరుచుకుని కనబడుతోంది.

"నా కండ్లు మసకలు. నువ్వు గొట్టంల సూడు. నేను ఈడ యాక్సిలేటర్ తీగె గుంజుత. గుంజినప్పుడల్లా లోపట సన్నగ దారం లెక్క పెట్రోలు దూకాల."

వంగి చూశాను. పెట్రోలు వాసనకి కళ్ళు మండాయి. తాత గుంజాడు.

"దూకిందా?"

"లేదు తాతా."

"మంచిగ సూడు."

మళ్ళీ గుంజాడు. మళ్ళీ... అదే గొట్టం, అదే చీకటి. దారం లేదు.

"ఏం దూకుతలేదు తాతా."

తాత తీగె వదిలేసి చేతులు తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా, "గీ మాట మీ నాయనకు చెప్పు" అన్నాడు.

ఖాదర్ చాచా వచ్చి కార్బురేటర్ పక్కనున్న చిన్న పంపు విప్పాడు. తొక్కిన క్షణాన పెట్రోలు చిమ్మేది అదే. అందులో రూపాయి బిళ్ళంత రబ్బరు పొర... అడ్డంగా చినిగి ఉంది. బూడిద జాడే లేదు. "మాఫ్ కరో సేట్" అని తల దించుకున్నాడు.

కొత్త పొర వేశాక నేను మళ్ళీ వంగి చూశాను. సన్నటి దారం మెరుస్తూ దూకింది. కారు తొక్కగానే ఉరికింది. నాన్న తాళంచెవి తెచ్చి తాత చేతిలో పెట్టాడు.

తాత దాన్ని అరచేతిలో అటూ ఇటూ తిప్పాడు. "నెల దినాలు నేను గూడ నా కాలే అనుకున్న. ఇగ రోడ్డు మీదికి వోతే గదే యాదికొస్తది. వద్దు బిడ్డా, నువ్వే తోలు."

ఆ తర్వాత తాత ఎప్పుడూ పక్క సీట్లోనే కూర్చున్నాడు. పెద్ద రోడ్డు ఎక్కేటప్పుడల్లా ఆయన కుడికాలు కిందున్న చాపను తొక్కడం వెనక నుంచి చూసేదాన్ని. నాన్న కంటే ముందే తొక్కేవాడు... ప్రతిసారీ. నేను కాలు చూడలేదని మాత్రం ఆయనకు చెప్పలేకపోయాను. చెప్పడానికి రెండేళ్ళు దొరికాయి... ఆ తర్వాత తాతే లేడు.

ఇప్పుడు కాలేజీలో మాటలంటే ఇష్టం పుట్టి, కనబడిన ప్రతి మాటనూ నోట్‌బుక్కులో రాసుకుంటున్నాను. ఇన్ని మాటలు నేర్చుకున్నా, "చూడలేదు నాన్నా" అన్న ఆ చిన్న మాట ఆ రోజు నోటికి ఎందుకు రాలేదో...

ఇప్పటి కార్లకు కార్బురేటర్లు లేవు, గుటకలు లేవు. ఏదైనా తేడా వస్తే కంప్యూటర్ తగిలించి చూస్తారు. ఇంట్లో పిల్లను పిలిచి సాక్ష్యం అడగరు. మీ ఇంట్లోనూ చూడకుండా చెప్పేసిన మాట ఒకటి ఉంటే... కింద రాయండి, నాకు కాస్త తోడుగా ఉంటుంది.

కొత్తగా లైసెన్సు వచ్చింది. తాత కారు తాళంచెవి నాన్న ఇవాళే నా చేతికిచ్చాడు. రేపు పొద్దున బానెట్ తుడిచి, ఫిల్టరు డబ్బా విప్పి, దారం దూకుతోందో లేదో ముందు నా కళ్ళతో చూస్తాను. ఆ తర్వాతే మల్లట్ మలుపు దాకా వెళ్తాను.