ఒత్తిపట్టే చేతులు, పరుగెత్తే కాళ్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, నేను చావు గుమ్మం దాకా వెళ్లి వచ్చినవాడిని. డెబ్బైల్లో, ఫలక్‌నుమాలో ఇనుప తలుపులు చేసే కార్ఖానాలో వెల్డరుగా ఉన్న రోజుల్లో, సారా తాగి తాగి కడుపులో రంధ్రం చేసుకున్నాను. రోజుకు బిందెడు తాగేవాడినని చాలా ప్రార్థన కూటాల్లో చెప్పాను. ఇది రాస్తూ పైకి చదువుతుంటే నా భార్య రత్నమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతూ వింటోంది, కాబట్టి ఈసారి ఉన్నదే రాస్తాను. బిందె కాదు, సీసా. కడుపుకు అదే చాలింది.

సర్కారు దవాఖానాలో ఆపరేషన్ చేసి మగవాళ్ల వార్డులో పడుకోబెట్టారు. మంచాలన్నీ నిండి, మంచాల మధ్య చాపల మీద కూడా మనుషులే. అందరికీ కలిపి ఒకే సిస్టరు, దయామణి. సూదులు ఆమే వేయాలి, కట్లు ఆమే మార్చాలి, డాక్టరు వస్తే వెనకే నడవాలి, మందులు అయిపోతే పోయి ఆమే తెచ్చుకోవాలి, ఇక మధ్యాహ్నం సూది సాయంత్రానికి అందేది, ఇవాళ్టి కట్టు రేపటికి మారేది. ఆమె చెడ్డది కాదు, ఉన్నవి రెండే చేతులు. అందుకే మా బంధువులకు పనులు పంచింది. సెలైన్ సీసాల మీద ప్లాస్టరు ముక్కలు అంటించి, "అక్కా, నీళ్లు ఈడిదాకా దిగినయంటే నన్ను పిలువు" అని మా వరస మంచాలన్నీ రత్నమ్మకు అప్పగించింది. సాయంత్రం గంట కొట్టి వాచ్‌మన్ బంధువులను బయటికి పంపేస్తే ఆ కళ్లు కూడా వెళ్లిపోయేవి.

అప్పుడు అరిచినవాడికే సిస్టరు. ఆ విద్య నాకు బాగా వచ్చు. పక్క మంచం మీద గౌలిపుర పాలాయన మల్లేశ్, బర్రె తొక్కి కాలు విరిగినవాడు, "అన్నా, మా బర్రె ఈనేటప్పుడు గూడ గింత లొల్లి చెయ్యలే" అనేవాడు.

ఒకరోజు రత్నమ్మ నా తలమీద చేయి పెట్టి ప్రార్థించింది. "ప్రభువా, ఈ సిస్టరు పిల్ల ఒక్కతే సస్తున్నది. గామెకొక జోడు పంపు తండ్రీ."

నాకు ఒళ్లు మండింది. "సచ్చేది నేనా, గామెనా? నా పేరు చెప్పి అడుగు" అన్నాను.

"నీ పేరు రోజు చెప్తనే ఉన్న. ఆయనకు యాదుంటది" అంది.

కొన్నాళ్లకు ఆడవాళ్ల వార్డు నుంచి కమల అనే సిస్టరును మాకు వేశారు. ఆమె వచ్చిన సాయంత్రం, బంధువులు వెళ్లిపోయాక, నేను అరవలేదు. "ఇయ్యాల అన్న సల్లగ పండుకున్నడు, బతికినం అనుకున్నం" అని మల్లేశ్ తర్వాత చెప్పాడు. దయామణి అవతలి చివర సూదులు వేస్తోంది. ఒక్కతే అయితే అరిచేవాళ్లందరినీ దాటి, నోరు మూసుకుని పడుకున్నవాడి దగ్గరికి ఎందుకు వస్తుంది? కమల ఎవరూ పిలవకుండానే ఒక్కొక్క మంచమే చూసుకుంటూ వచ్చి నా దుప్పటి ఎత్తింది. కుట్లు విడిపోయి పరుపంతా నెత్తురు. "అక్కా, జల్ది రా" అని కేకేసింది. దయామణి వచ్చి నా కడుపు మీద గుడ్డ పెట్టి రెండు చేతులతో ఒత్తిపట్టింది, కమల డాక్టరు కోసం పరుగెత్తింది.

సహోదరులారా, ఒక్కతే ఉంటే ఏం చేయాలి? ఒత్తిపట్టి కూర్చుంటే డాక్టరు రాడు. పరుగెత్తితే, తిరిగి వచ్చేసరికి నేనుండను. ప్రభువు శిష్యులను ఇద్దరేసి చొప్పున ఎందుకు పంపాడో నాకు ఆ మంచం మీద తెలిసింది.

వార్డంతా వెలుగుతో నిండిందని, తెల్లని రెక్కలతో ఇద్దరు దేవదూతలు దిగారని ఎన్నో ఏళ్లు సాక్ష్యం చెప్పాను, విన్నవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారు కూడా. ఆ రెక్కలు సిస్టర్ల గంజి పెట్టిన టోపీలు. ఆ వెలుగు డాక్టరు చేతిలోని టార్చి. నేను కళ్లు తెరిస్తే దయామణి మోచేతుల దాకా నెత్తురుతో నిలబడి, "మల్ల లొల్లి చెయ్యి అన్నా, ఏమనను" అంది. ఏ దూత అలా మాట్లాడుతుంది? అయినా పంపినవాడు ఆయనే, దేవునికే మహిమ.

తాగుడు ఆ రోజే మానేశానని కూడా చెప్పాను. ఇక్కడ రత్నమ్మ దగ్గింది. ఇంకో ఏడాది పట్టింది. ప్రభువు దీర్ఘశాంతుడు, ఈమె ఆయనకన్నా కొంచెం తక్కువ.

నేను ఇంకా వార్డులో ఉండగానే కమలను వెనక్కి పంపేశారు. ఆ తర్వాత ఒక సాయంత్రం కిటికీ పక్కనున్న ముసలాయన కూడా నాలాగే చప్పుడు చేయకుండా పడుకున్నాడు. ఎవరూ దుప్పటి ఎత్తలేదు. చూసేసరికి ప్రాణం లేదు. దయామణి గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకుని, తర్వాతి మంచానికి సూది పట్టుకుని వెళ్లింది. ఈ సంగతి నేను ఏ కూటంలోనూ చెప్పలేదు, ఇందులో పెంచి చెప్పడానికి ఏమీ లేదు.

మీవాళ్లు దవాఖానాలో ఉంటే ప్రభువును నమ్మి అడగండి, ఆయన వింటాడు, అందుకు నేనే రుజువు. మోకాళ్ల మీద నుంచి లేచేముందు, అక్కడ ఒంటరిగా తిరిగే సిస్టరుకు ఒక జోడును కూడా అడగండి, లేచాక వెళ్లి పెద్ద డాక్టరునూ అడగండి. రత్నమ్మ ఈనాటికీ ప్రార్థనలో ముందు అదే అడుగుతుంది. నా పేరు ఆ తర్వాత వస్తుంది. నేనిప్పుడు అడ్డు చెప్పడం లేదు.