ఉతికి కుట్టిన సంచి

చిక్కడపల్లిలో గుడ్డ సంచులు కుట్టడం నేర్చుకుని, ఈమధ్యే ఇంట్లో చిన్నగా ఆర్డర్లు తీసుకుంటున్నాను. పోయిన వారం మా పై ఫ్లోర్ పద్మక్క ఒక పాత నేత చీర తెచ్చింది. "పోయిన మా అమ్మది. చీర ఒక్కటే, అక్కచెల్లెండ్లం ముగ్గురం. తలా ఒక సంచి కుట్టవా?" అంది.

బట్టను ఉతకందే కత్తెర పెట్టకూడదు, కుట్టాక ముడుచుకుపోతుందన్నది మా క్లాసులో మొదటి పాఠం. అందుకే చీరను సబ్బునీళ్లలో నానబెట్టి, జాడించి, గంజి కూడా పెట్టాను. అది కొత్త బట్టకు చెప్పిన పాఠమని, ఏళ్ల తరబడి కట్టిన చీర ఇంకేం ముడుచుకుంటుందని తోచనే లేదు.

ఈ సాయంత్రం సంచులు ఇస్తే పద్మక్క కుట్లు చూడలేదు. ఒకటి తీసి ముఖానికి ఆనించుకుని ఆగిపోయింది.

"ఉతికినవా?"

"అవునక్కా, గంజి గూడ పెట్టిన. మంచిగ నిలబడ్తయి."

"దవాఖానకు పోయేముందు అమ్మ ఇడిసిన చీర అది. ఉతకకుండనే బీరువల దాచిన. తీసినప్పుడల్లా అమ్మ వాసనొస్తుండె."

నా మొహం చూసి, "ఏం గాదులే, మంచిగ కుట్టినవ్" అంది. మెట్లెక్కుతూ కూడా ఆ సంచిని ముక్కుకు దగ్గరగానే పట్టుకుంది.

కుట్టు తప్పితే విప్పి మళ్లీ కుడతాను. దీన్నేం చేయాలో ఏ క్లాసులోనూ చెప్పలేదు. మీ బీరువాలో కూడా ఉతకని చీర ఉందా? ఉంటే, నాలాంటి బుద్ధిమంతురాలి చేతికిచ్చే ముందు ఒక్క మాట చెప్పండి.