జెండా పట్టుకున్న పెళ్ళికొడుకు

హెస్టర్ మా మేనమామ కూతురు. హార్లెం నగర కావలి దళం తమందరినీ ఒకే బొమ్మలో వేయమని చిత్రకారుడైన మామయ్యను అడిగింది. ఆయన మిగతా మొహాలన్నీ తాను ఉంచుకుని, జెండా పట్టే యోస్ట్ మొహం ఒక్కటీ కూతురికి వదిలాడు.

"నూనె రంగుల పనిని, బాగా తెలిసిన మొహంతోనే మొదలెట్టాలే పిల్లా" అన్నాడు. తెలియకేం, ఆమెను యోస్ట్‌కిచ్చి చేయాలని ఎప్పుడో మాటైపోయింది.

చిక్కల్లా ఆ జెండాతోనే. యుద్ధంలో మొదటి తూటా జెండావాడికే తగులుతుందని, మా ఊళ్ళో దాన్ని పెళ్ళికానివాడికే ఇస్తారు. పెళ్ళయితే ఇంకొకరికి అప్పగించాల్సిందే.

"బొమ్మ పూర్తికానీ హెస్టర్. జెండాతో నా బొమ్మ ఒక్కసారి దళం గోడకెక్కితే చాలు, మర్నాడే చర్చికి పోదాం" అన్నాడు యోస్ట్.

పాపం, ఎంత శ్రద్ధగా వేసిందో! అతను మాత్రం వచ్చిన ప్రతిసారీ ఏదో ఒక వంక పెట్టేవాడు. ముక్కు తనది కాదంటే ఆమె గుడ్డతో తుడిచేది. గడ్డం వాళ్ళ అన్నయ్యదంటే మళ్ళీ తుడిచేది. ఆరని రంగు మీద రంగు పడి చెంపలు బురదయ్యేవి. తనకు చేతకావడం లేదా, అతనికే పెళ్ళి ఇష్టం లేదా? ఎటూ తేల్చుకోలేక తిండి మానేసింది. పక్కన కూర్చుని రంగులు నూరే నాకూ ఏమీ పాలుపోలేదు. నా కళ్ళకి ముక్కు బాగానే ఉంది మరి.

ఒకరోజు మామయ్య వచ్చి చాలాసేపు చూశాడు.

"ముక్కుకేం రోగం లేదు. చూపే తప్పుగా పడింది."

"నన్నే చూస్తున్నట్టు వేశాను కదా నాన్నా?"

"వాడు చూశాడా?"

హెస్టర్ గుడ్డ తీసి బొమ్మలో కళ్ళు తుడిచేసింది.

మర్నాడు యోస్ట్ వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఆమె కబుర్లు చెప్పలేదు, అతన్నే గమనించింది. అతని కళ్ళు తలపైన వేలాడే పట్టు జెండాను వదలడం లేదు. ఉన్నది ఉన్నట్టే వేసింది.

"ఇదిగో! ఇప్పుడు అచ్చం నేనే!" అని చప్పట్లు కొట్టాడు యోస్ట్.

"హమ్మయ్య! మరి పెళ్ళెప్పుడు పెట్టుకుందాం నాయనా?" అన్నాడు మామయ్య.

యోస్ట్ టోపీ సర్దుకున్నాడు. "వచ్చే ఏడాది చూద్దామండీ. ఎండాకాలంలో ఊరేగింపు ఉంది కదా..."

"వద్దులే" అంది హెస్టర్. "ఆ జెండాతోనే కాపురం చేసుకో."

నాకు ఏడుపొచ్చింది. అతను మాత్రం, బొమ్మలో జెండా అంచు సరిగ్గా పడిందో లేదోనని వంగి చూసుకుంటున్నాడు.